సముద్రం ఇంట్లో లేని వేళ

భద్రక్ బజారులో జాకెట్లు కుట్టే కుముదిని సాహుకు యాభై రెండేళ్లు. సముద్రం మూడు గంటల దూరంలోనే ఉన్నా ఇంతవరకూ చూడలేదు. ముందు అత్తగారు మంచాన పడింది, తరువాత భర్త, ఆయన పోయాక పెళ్లిళ్ల బట్టలు. ఏదో ఒకటి అడ్డం పడుతూనే వచ్చింది. ఆ మాఘమాసపు మంగళవారం కరెంటు మరమ్మతని బజారంతా మూసేశారు. కుముదిని తలుపుకు తాళం వేసి, ఎవరికీ చెప్పకుండా బాలేశ్వర్ రైలెక్కేసింది.

బాలేశ్వర్‌లో చాందీపూర్ ఆటో ఎక్కబోతే అంచు సీటు కోసం ఒక పెద్దమనిషితో తగువు వచ్చింది. ఆయన శత్రుఘ్న పాత్ర, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు.

"నాకు మోకాళ్లు వంగవమ్మా. అంచున నేను కూర్చోవాలి."

"నాకు కళ్లు తిరుగుతాయి బాబూ. మీ మోకాళ్లకి గాలి అక్కర్లేదుగా!"

ఆటోవాడు కిసుక్కున నవ్వాడు. పాత్రబాబు మొహం ముడుచుకొని మధ్యలో సర్దుకున్నాడు.

సరుగుడు చెట్లు దాటి గట్టెక్కేసరికి కుముదిని నీరుకారిపోయింది. సముద్రమే లేదు. కనుచూపు మేరా తడి ఇసుక, దాని మీద పరుచుకున్న ఎండ.

"ఆటోవాడు ఎక్కడో దింపేశాడు!" అంది.

గట్టు మీద గంపతో కూర్చున్న ఒక ముసలామె పకపకా నవ్వింది. ఇసుకలో గవ్వలూ పీతలూ ఏరి అమ్ముకునే రంభా బెహెరా ఆమె.

"సముద్రం ఇంట్లో లేదమ్మా, పొద్దున్నే బయటికెళ్లింది. మధ్యాహ్నం దాటాక వస్తుంది. కూర్చుంటావా, ఎదురెళ్తావా?"

"ఎదురెళ్లడమేంటి మావుసీ?" అని పిన్ని వరస కలిపి అడిగింది కుముదిని.

"నడిచి. నేనూ అటే పోతున్నా, రా."

వెనకనుంచి పాత్రబాబు గొంతు సవరించుకున్నాడు. "నేనూ రావచ్చా?"

"మరి మీ మోకాళ్లో?" అంది కుముదిని.

"నేల చదునుగానే ఉందిగా" అన్నాడు బింకంగా.

చెప్పులు చేతపట్టుకొని ముగ్గురూ నడిచారు. గంట గడిచేసరికి వెనక ఊరు సన్నటి నల్లగీత అయిపోయింది. ఒకచోట నేలంతా ఎర్రగా కనిపించింది. దగ్గరికి వెళ్లేసరికి ఆ ఎరుపు చటుక్కున మాయమైంది. అన్నీ బుల్లి పీతలే, అడుగుల చప్పుడుకు బొరియల్లో దూరిపోయాయి. కుముదిని వంగి ఇసుకను చూసింది. అలలు వదిలి వెళ్లిన మడతలు, కుచ్చిళ్లలాగా మైళ్ల దూరం, ఒక్కటీ వంకర లేదు. ముప్ఫయ్యేళ్లుగా లంగాలకు కూడా కుచ్చిళ్లు పెడుతున్న మనిషి, వాటి మీద కాలు వేయడానికి సంకోచించింది.

రంభ ఆగింది. ఇనప మూకుడుకు తోక మొలిచినట్టున్న జీవి ఒకటి వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది.

"రామలక్ష్మణుల పీత. జోడుగా తిరుగుతాయి. తోక ముట్టుకోకండి, అది ఊడితే దీనికి బతుకు లేదు." అంచులు పట్టుకొని మెల్లగా తిప్పింది. "మనుషులు పుట్టకముందే ఇది ఈ ఇసుక మీద తిరిగేదని మా అమ్మమ్మ చెప్పేది."

"నిజమేనమ్మా, పేపర్లో చదివాను" అన్నాడు పాత్రబాబు. తలమీది టోపీ ఎప్పుడు తీశాడో ఆయనకే తెలియదు. ఆ జీవి తోకతో గీత గీసుకుంటూ సముద్రం ఉన్న వైపు తడబడకుండా పోయింది. అది కనుమరుగయ్యేదాకా ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు.

రంభ గాలి పీల్చింది. "వచ్చేస్తోంది. వెనక్కి తిరగండి."

అల లేదు, హోరు లేదు. కాలి పక్క మడతలో వెండి దారంలా నీరు కదిలింది. తరువాత పక్క మడతలో. చూస్తుండగానే ముందుకు ముందుకు నిండుతూ వచ్చింది. ఇంతలో పాత్రబాబు కాలు బురదలో మోకాలి దాకా దిగబడింది. లాగుతున్నకొద్దీ దిగిపోతోంది.

"మీరిద్దరూ వెళ్లిపోండమ్మా" అన్నాడు.

"నోరు మూసుకొని చెయ్యివ్వండి!" అని కుముదిని కసిరింది.

రంభ గంపలోని గవ్వలన్నీ కుమ్మరించి, దాన్ని బోర్లించి ఆయన్ని దాని మీద కూర్చోబెట్టింది. "లాగొద్దు. కాలు అటూ ఇటూ ఊపు, బురదే వదులుతుంది." కాసేపటికి కాలు బుస్సుమంటూ పైకొచ్చింది. ముగ్గురూ చేతులు పెనవేసుకొని, పిక్కల్లోతు నీళ్లలో గట్టుకు చేరారు.

వెనక్కి తిరిగి చూస్తే అంతా సముద్రమే. ఇప్పుడే నడిచొచ్చిన నేలకు ఆనవాలు లేదు. దాని మీద ఒక పడవ పోతోంది.

"నేను అక్కడ నిలబడ్డానా?" అంది కుముదిని. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను రోజూ చూస్తా తల్లీ. రోజూ ఒళ్లు జలదరిస్తుంది" అంది రంభ.

ఆ పూట రంభ గుడిసెలో మరమరాలు, పచ్చిమిర్చి, కాల్చిన ఎండుచేప తిన్నారు. రెండు రైళ్లు పోయాయని పాత్రబాబు చెప్పాడు కానీ లేవలేదు. వెలుతురులో కూడా రంభ ఉప్పు డబ్బా తడుముకోవడం కుముదిని గమనించింది.

కుముదిని పట్టుబట్టడంతో చైత్రంలో రంభకు భద్రక్ ఆసుపత్రిలో కంటి ఆపరేషను జరిగింది. ఆ తరువాత ఎనిమిది రోజులూ ఆమె కుముదిని ఇంట్లోనే ఉంది. పాత్రబాబు రోజూ తన ఊరు సోరో నుంచి రైల్లో వచ్చి, వాచీ చూసుకుంటూ ఆమె కంట్లో చుక్కల మందు వేసేవాడు. కట్టు విప్పినరోజు రంభ కుముదినిని ఎగాదిగా చూసింది.

"ఓసినీ, ఇంత చిన్నదానివా! నీ కసురు విని నా ఈడుదానివే అనుకున్నా."

పాత్రబాబు నవ్వాపుకోలేక మంచం పట్టె పట్టుకొని కూర్చుండిపోయాడు.