గుడ్డకి అటుపక్క

అప్పలసూరి రోజూ ఉదయం ఆరు గంటలకి రోలరుకి దండం పెట్టేవాడు. బొబ్బిలి దగ్గర జూట్ మిల్లులో, గోగునారను మెత్తబరిచే మిషను మీద అతని పని. ఇనప రోలర్లు జతలుగా తిరుగుతాయి. ఇటు నుంచి పెట్టిన నార నలిగి అటు నుంచి వస్తుంది. మోటారు వేశాక, రోలరు తిరుగుతుండగా, కుడిచేతి వేళ్ళతో దాన్ని తాకి కళ్ళకద్దుకునేవాడు. ఆగిన రోలరుకి దండం పెట్టేవాడు కాదు. తిరిగినప్పుడే అందులో అమ్మోరు ఉంటుందని అతని తండ్రి చెప్పాడు. పదకొండేళ్ళుగా అదే పద్ధతి. మిల్లులో చాలామందిదీ అదే.

1968 జనవరిలో ఒకరోజు రోలరు అతని చొక్కా చేతిని లాక్కుంది. చొక్కా భుజం దాకా చిరిగింది. చెయ్యి మిగిలింది. మర్నాడు మళ్ళీ దండం పెట్టాడు.

అతని భార్య నీలవేణి అదే మిల్లులో సంచులు కుట్టేది. చొక్కా ఆమే కుట్టింది.

"సొక్కా అయితే కుట్టినాను మావా. సెయ్యి తెగితే ఏటి కుట్టమంతావు?"

"అమ్మోరు సొక్కా తీసుకుని సెయ్యి ఒగ్గీసింది. అది సూడవేటే?"

ఫిబ్రవరిలో జ్ఞానానందం అనే ప్రభుత్వోద్యోగి వ్యానులో ప్రొజెక్టరు తెచ్చాడు. ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు ఎలా జరుగుతాయో చూపించే సినిమా అది. పదహారు నిమిషాలు. వేరే దేశంలో తీశారు. మాటలు లేవు, పక్కన నిలబడి జ్ఞానానందమే చెప్పేవాడు.

మధ్యాహ్నం రెండింటికి, షిఫ్టు మారే వేళ, నార గోడౌను కిటికీలకి గోనెలు కట్టారు. తెర ఉన్న పెట్టె శృంగవరపుకోటలో ఉండిపోయిందని జ్ఞానానందం చెప్పాడు. నీలవేణి రెండు పల్చటి పంచెలు కలిపి కుట్టింది. దాన్ని గోడౌను మధ్యలో దూలానికి కట్టారు. మగవాళ్ళు ప్రొజెక్టరు వైపు కూర్చున్నారు. చోటు చాలక ఆడవాళ్ళు గుడ్డకి అటుపక్క కూర్చున్నారు. అటు నుంచి కూడా బొమ్మ కనపడుతుంది.

గుడ్డ మీదికి టోపీ పెట్టుకున్న మనిషి వచ్చాడు. అతని ముందు రోలర్ల మిషను. అది రబ్బరు మిషనని జ్ఞానానందం చెప్పాడు. రబ్బరు ముక్క ఇరుక్కుంది. మనిషి మిషను ఆపలేదు. చెయ్యి చాచాడు. వేళ్ళు రోలరుని తాకాయి.

గోడౌనులో చాలామంది చేతులు వాటంతటవే కళ్ళ దగ్గరికి వెళ్ళాయి.

రోలరు ఆ చెయ్యిని మోచేతి దాకా తీసుకుంది. మనిషి నోరు తెరిచాడు. ప్రొజెక్టరు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత అతను ఇంటి గుమ్మంలో కూర్చుని, మిగిలిన చేత్తో చొక్కా బొత్తాం పెట్టుకోబోయాడు. నాలుగుసార్లు జారింది. అక్కడితో సినిమా అయిపోయింది.

తలుపులు తీశాక మొదట మాట్లాడింది సోములు. అతనిది అప్పలసూరి పక్క మిషను.

"ఎడం సెయ్యెట్టినాడ్రా! ఎడం సేత్తో దండమెడితే అమ్మోరు ఊరుకుంతాదేటి?"

మగవాళ్ళు నవ్వారు. అప్పలసూరి కూడా నవ్వాడు. "కుడి సెయ్యయితే ఏటీ అవదు. నాను సెప్పలేదేటి?"

గుడ్డ పక్కనుంచి నీలవేణి వచ్చింది. "ఎడం సెయ్యేటి? నలిగింది కుడి సెయ్యే."

"కునికినావేటే?"

"నానెందుకు కునుకుతాను? నువ్వే ఏటో తాగొచ్చినావు."

అటు కూర్చున్న ఆడవాళ్ళంతా కుడి చెయ్యే అన్నారు. ఇటు కూర్చున్న మగవాళ్ళంతా ఎడమ చెయ్యే అన్నారు. జ్ఞానానందం అయిదేళ్ళుగా ఆ సినిమా వేస్తున్నాడు. జనాన్ని రెండు పక్కలా కూర్చోబెట్టడం అతనికి అదే మొదటిసారి. కాసేపు గుడ్డకేసి చూశాడు.

"తలుపులు మూయండి. మగవాళ్ళు అటు వెళ్ళండి. ఆడవాళ్ళు ఇటు రండి" అన్నాడు.

మళ్ళీ అదే మనిషి, అదే టోపీ. చెయ్యి చాచాడు. కుడి చెయ్యి.

ఎవరూ నవ్వలేదు. అప్పలసూరి లేచి గుడ్డ దాకా నడిచాడు. అక్కడ రోలరు అతని మిషను రోలరంత ఉంది. తన కుడి అరచెయ్యి ఎత్తి ఆ మనిషి చేతి మీద ఆనించాడు. వేలికి వేలు సరిపోయింది. రెండూ కలిసి రోలరు వైపు జరిగాయి.

ఇటుపక్క గుడ్డ మీద ఒక అరచెయ్యి ఉబ్బి కనపడింది. అదెవరిదో నీలవేణికి తెలుసు. ఆమె లేచి నిలబడింది. బొమ్మలో చెయ్యి రోలర్ల మధ్యకి వెళ్ళేలోగా ఉబ్బు పోయింది.

వెలుగు వచ్చాక అప్పలసూరి జ్ఞానానందం దగ్గరికి వచ్చాడు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"బాబూ, ఏది నిజం?"

"అతను పెట్టింది ఎడమ చెయ్యే. అటుపక్క నుంచి చూస్తే కుడి చెయ్యవుతుంది" అన్నాడు జ్ఞానానందం. "ఎటునుంచి చూసినా చెయ్యి పోయింది కదా, అప్పలసూరీ."

ఆ రోజు రెండో షిఫ్టు నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది.

మర్నాడు ఆరింటికి మోటారు వేశారు. రోలరు తిరిగింది. నీలవేణి తన సెక్షనుకి పోకుండా స్తంభం దగ్గర ఆగింది. అప్పలసూరి చాలాసేపు రోలరుని చూశాడు. తర్వాత మూరెడు దూరంలో నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"ఇంకో అడుగు ఎనక్కి, మావా" అంది నీలవేణి.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.