ఐమూల కొలత

బొటనవేలి గోరును తలుపు సందులో ఆనించి పైనుంచి కిందికి లాగాడు. ఎడమవైపు గోరు రెండు అంచులనూ రాసుకుంటూ దిగింది. కుడివైపు సగం దిగేసరికి వేలి కొసంతా లోపలికి పోయింది. అక్కడ ఆగాడు.

తెల్లటి కొత్త పికప్పు అది. నిన్న సాయంత్రం లారీ మీద నుంచి దిగింది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. బానెట్టు బాగుంది, ముందు తలుపులు బాగున్నాయి, దీపాలు బాగున్నాయి. సరుకు వేసే తొట్టి వెనక తలుపు దగ్గరే వచ్చింది చిక్కు. జేబులోంచి ఇనప రేకుల గేజి తీసి ఒక్కో రేకూ దూర్చి చూశాడు. ఎడమ నాలుగు మిల్లీమీటర్లు. కుడి తొమ్మిది.

షోరూం వెనక రేకుల షెడ్డులో పదకొండేళ్ళుగా అతని పని ఇదే. కొత్త బండి గడప దాటాలంటే ముప్ఫై రెండు గళ్ళ కాగితం ఒకటి నిండాలి. అందులో 'తలుపులు, సందులు' అన్న గడిలో అతను సంతకం పెట్టాలి. అందుకే అందరూ అతన్ని సందు బాబాయ్ అంటారు. ఇల్లు ఏ సందులో అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు. తలుపు సందులో అని పాతవాళ్ళు చెప్తారు. ఈ హాస్యం పదకొండేళ్ళుగా నడుస్తోంది. అతను కూడా పదకొండేళ్ళుగా నవ్వుతున్నాడు.

మనిషి సన్నం. నడుము కొద్దిగా ముందుకు వంగి, ఎప్పుడూ ఏదో తాళం కన్నంలోకి చూస్తున్నట్టు ఉంటాడు. పన్నెండో ఏట రేకులు సాగగొట్టే షెడ్డులో సుత్తి పట్టాడు. ఆ సుత్తి మోతకి కుడి చెవి ముప్ఫై నిండకుండానే పోయింది. ఎవరన్నా నచ్చని మాట అంటే కుడి చెవి అటు తిప్పుతాడని షెడ్డులో చెప్పుకుంటారు. అందులో కొంత నిజం ఉంది.

అట్ట పరిచి బండి కిందికి దూరాడు. తొట్టిని చట్రానికి బిగించే నాలుగు బోల్టుల్లో కుడివైపు వెనకదాని చుట్టూ రంగు పగిలి ఉంది. దాని పక్కన రేకు లోపలికి ఒదిగింది. ఆ ఒదిగినచోట పసుపుపచ్చ గీత. అట్ట మీదే కాసేపు పడుకుని ఆలోచించాడు. లేచి, పెరట్లో బండ్లు దింపే ర్యాంపు దగ్గరికి నడిచాడు. ర్యాంపు పక్కనున్న స్తంభానికి పసుపు రంగు. మోకాలి ఎత్తులో దాని మీద తెల్లటి చార.

తిరిగొచ్చేసరికి రెండో ఫిట్టరు బండి పక్కన నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఏంటన్నా, పొద్దున్నే దాని వెనక పడ్డావ్?"

"వెనకే వంకరగా ఉంది మరి. నిన్న ఎవర్రా దింపింది?"

రెండో ఫిట్టరు చేతులు తుడుచుకున్నాడు. శుభ్రంగా ఉన్న చేతుల్ని మళ్ళీ తుడుచుకున్నాడు.

"నేను కాదు అని చెప్పమన్నారన్నా."

అతను టేపు తీసి తొట్టిలోకి ఎక్కాడు. ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకి ఒకసారి, ముందు కుడి మూల నుంచి వెనక ఎడమ మూలకి ఒకసారి, ఐమూలగా కొలిచాడు. మూలమట్టం సరిగ్గా ఉన్న తొట్టికి ఆ రెండు కొలతలూ ఒకటే రావాలి. రాలేదు. మొదటిది తొమ్మిది గీతలు తక్కువ వచ్చింది. వెనక తలుపులో ఏ లోపమూ లేదు. కంపెనీలో ఎలా చేశారో అలాగే ఉంది. గుద్దుకుని పక్కకి తిరిగింది తొట్టి.

పదకొండు గంటలకి మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో ముప్ఫై రెండు గళ్ళ కాగితం. ముప్ఫై ఒక్క గళ్ళు నిండి ఉన్నాయి.

"అద్దాల కొట్టావిడ బండి తీసుకోడానికి నాలుగింటికి వస్తుంది బాబాయ్. ఏదో ఒక సందు చూడు."

"చూశాను సార్. తొమ్మిది మిల్లీమీటర్లుంది."

రెండో ఫిట్టరుకి నవ్వొచ్చి దగ్గులోకి మార్చుకున్నాడు.

"వెటకారమా?"

"కొలత సార్."

మేనేజరు వంగి చూశాడు. అతనికీ కనిపించింది. కనిపించకపోవడానికి అదేమీ చిన్న సందు కాదు.

"బందుల కింద రెండు వాషర్లు వేస్తే తలుపు సరైపోతుంది. అంతేగా?"

"తలుపు సరిగ్గానే ఉంది సార్. తొట్టి వంకర. వాషర్లు వేస్తే ఇప్పుడు చూడ్డానికి బాగానే ఉంటుంది. బరువు పడ్డాక కొక్కెం పట్టు వదిలేస్తుంది. ఆవిడ వేసేది అద్దాలు. వెనకాల రోడ్డు మీద జనం వస్తుంటారు."

"వదిలినప్పుడు చూద్దాం. అప్పుడు తీసుకొస్తే బిగిస్తాం."

"అప్పుడు 'మీరెక్కడో గుద్దారమ్మా' అంటాం సార్."

మేనేజరు మొహం ఎర్రబడింది. కాగితం బానెట్టు మీద పెట్టి, దాని మీద పెన్ను పెట్టాడు.

"సంతకం పెట్టు. లేదా రేపట్నించి రానక్కర్లేదు."

"రేపటి సంగతి రేపు చూద్దాం సార్. ఇవాళ మాత్రం పెట్టను."

ఇదివరకు ఒకసారి పెట్టాడు. ఈ షోరూంలో చేరిన రెండో ఏడు, ఎర్ర రంగు బండికి. ఆ రోజు పని ఎక్కువుంది, కంగారు పెట్టారు, చూడకుండానే పెట్టేశాడు. ఏమీ కాలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరూ వచ్చి అడగలేదు. ఆ బండి ఇప్పటికీ ఖాళీ డబ్బాలు మోసుకుంటూ ఊళ్ళో తిరుగుతోంది, వెనక తలుపుని తీగతో కట్టుకుని. ఎంత రద్దీలో ఉన్నా అతని కన్ను ముందు దాని మీదే పడుతుంది. ఒకసారి టీ కొట్టు దగ్గర ఆ బండాయనే పలకరించాడు. తీగ వైపు చూపించి, తప్పు చేసినవాడిలా నవ్వాడు. "నేనే ఎక్కడో గుద్దేసుంటాను బాబాయ్. నా చెయ్యి కాస్త దురుసు" అన్నాడు. అప్పుడు అతను కుడి చెవి అటు తిప్పాడు. ఆ టీ మాత్రం తాగలేకపోయాడు.

మధ్యాహ్నం గోడవారన పాత టైరు మీద కూర్చుని డబ్బా విప్పాడు. ముద్ద నోట్లో ఉండగానే ఇంటి నుంచి ఫోన్. భార్య. వంటింటి అలమార తలుపు ఇవాళ పూర్తిగా ఊడి చేతికొచ్చిందట. "ఊళ్ళో తలుపులన్నీ సరిచేస్తావు, నా ఒక్క తలుపుకీ నీకు తీరిక లేదు" అంది. అతను జరిగింది చెప్పాడు. అవతల స్టవ్వు కట్టేసిన చప్పుడు వినిపించింది.

పెళ్ళయ్యేనాటికి అతనికి సంతకం రాదు. జీతం కాగితం మీద వేలిముద్ర వేసేవాడు. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. నెల రోజులపాటు పలక మీద దిద్దించింది. ఇప్పటికీ పేరులోని ఒక్కో అక్షరాన్నీ చెక్కుతున్నట్టు రాస్తాడు, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని.

"ఏమయ్యా, పెడితే ఏమవుతుంది?" అంది చివరికి.

"ఏమీ అవదు. పోయినసారీ ఏమీ అవలేదు."

"అయితే పెట్టకు. నేను నీకు పెట్టడమే నేర్పాను. పెట్టకపోవడం నీ అంతట నువ్వే నేర్చుకున్నావు. మంచిదే." ఆగి, "ఇంటికొచ్చేటప్పుడు మేకులు తీసుకురా. రేపు ఎలాగూ ఖాళీయేగా" అంది.

నవ్వు వచ్చి పొలమారింది.

తిరిగి షెడ్డులోకి వెళ్ళేసరికి రెండో ఫిట్టరు వెనక తలుపు బందుల దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. కుడి బందు కింద రెండు వాషర్లు దిగిపోయాయి. తలుపు పక్కకి జరిగి సందులు సమానమయ్యాయి. వంకరకి వంకర జత కుదిరింది. బానెట్టు మీది కాగితంలో ఖాళీ గడి కూడా నిండింది, వేరే చేతిరాతతో.

"నాకిద్దరు పిల్లలన్నా" అన్నాడు తలెత్తకుండా.

"తెలుసురా. నిన్నేమన్నా అన్నానా?"

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. వేళ్ళకి రెండుచోట్ల ప్లాస్టరు పట్టీలు, భుజానికి బరువైన గుడ్డ సంచి. షోరూంలోకి తెచ్చి నిలబెట్టిన బండి చుట్టూ నిదానంగా తిరిగింది. అద్దంలో జుట్టు సరిచేసుకుంది. వెనక తలుపు దించి, ఎత్తి, మళ్ళీ దించి ఎత్తింది. ప్రతిసారీ టక్కున పడింది. ఆవిడ మొహంలో వెలుగు చూసి, ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్న బండో ఇది అనుకున్నాడు అతను.

అతన్ని షెడ్డు దాటి రావద్దన్నారు. వచ్చాడు. నూనె మరకల నీలం కోటుతోనే వచ్చి, మెరిసే నేల మీద ఆవిడకి నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"బాబాయ్, నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు మేనేజరు. అతను కుడి చెవి అటు తిప్పాడు.

"అమ్మా, తొట్టికి ఐమూల కొలుచుకోండి" అన్నాడు.

అద్దాలు కోసేవాళ్ళకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఆవిడ అతని వంక చూసి, మేనేజరు వైపు తిరిగింది.

"ఐమూల ఎంతొచ్చింది?"

"ఐమూలంటే... మేడమ్?"

ఆవిడ సంచిలోంచి తన టేపు తీసింది. చెప్పులు కింద వదిలి, ఒక కాలు బంపరు మీద వేసి తొట్టిలోకి ఎక్కింది. టేపు కొసని అతను పట్టుకున్నాడు. రెండు వందల పదమూడు సెంటీమీటర్లు. మూలలు మారారు. మళ్ళీ పట్టుకున్నాడు. ఆవిడ గీత మీద గోరు పెట్టి, వంగి, చాలాసేపు చూసింది.

"తొమ్మిది గీతలు తేడా" అంది.

"తలుపు చూడండి మేడమ్, ఎంత బాగా పడుతోందో" అన్నాడు మేనేజరు.

"అందుకేనయ్యా నా అనుమానం. వంకర చట్రంలో తిన్నగా కూర్చున్న అద్దాన్ని నేనింతవరకు చూడలేదు." అతని వైపు తిరిగింది. "నువ్వెవరు?"

"సందులు చూసేవాణ్ణమ్మా."

ఆవిడ కాగితం అందుకుని గళ్ళన్నీ వేలితో దాటుకుంటూ వచ్చింది. "ఈ సంతకం నీదేనా?"

"కాదమ్మా."

ఎవరు గుద్దారని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడో అతనికీ తెలియదు. ఆవిడ టేపు రెండు కొసలూ మూలలకి తగిలించి, లాకు వేసి, తీయకుండా దిగింది. చెప్పులు తొడుక్కుంది.

"దాన్ని అలాగే ఉండనివ్వండి. మీ ఓనరుగారు వచ్చి చూడాలి. అప్పటిదాకా ఈ బండి నాది కాదు" అంది. వెళ్ళిపోయింది.

మేనేజరు ఏదో అన్నాడు. కొంత ఎడమ చెవికి తగిలింది. అతను షెడ్డులోకి వెళ్ళి కోటు విప్పి మేకుకి తగిలించాడు, డబ్బా తీసుకున్నాడు. పనివాళ్ళు వచ్చిపోయే వెనక గేటు వైపు నడవబోయి, ఆగి, ముందుకి తిరిగాడు. పదకొండేళ్ళలో ఆ ముందు తలుపులోంచి ఒక్కసారీ పోలేదు. రెండో ఫిట్టరు అక్కడిదాకా వెంట వచ్చాడు.

"అన్నా..."

"పిల్లల్ని జాగ్రత్తగా చూసుకో. వాషర్లు తీసెయ్."

గాజు తలుపు రెండు రెక్కలుగా దానంతటదే తెరుచుకుంది. బయటికొచ్చాక అది మూసుకునేదాకా నిలబడి, రెండు రెక్కల మధ్య సందుని కంటితో పైనుంచి కిందికి చూశాడు. "బాగానే పెట్టారు" అనుకుని రోడ్డు దాటాడు.

షోరూంలో దీపాలు వేశారు. రెండో ఫిట్టరు పానా పట్టుకుని వెనక తలుపు దించాడు. తొట్టిలో ఈ మూల నుంచి ఆ మూలకి, లాకు వేసిన పసుపుపచ్చ టేపు బిగుతుగా సాగి ఉంది.