పడమటి పాక

జ్యేష్ఠమాసారంభమున చండభానుడు నడిమింట నిలిచి నిప్పులు చెరుగుచుండ, జూటుమిల్లు వెనుకనున్న పండ్రెండు కుటుంబముల ఉమ్మడితోటలో పరిశుష్కపత్రమర్మరధ్వని దక్క వేఱొక సవ్వడి లేకుండెను. ప్రతి మడికిని ఒక పాకయో పందిరియో కలదు. తాటాకులవి కొన్ని, కూల్చిన యిండ్ల పాత తలుపులతో కట్టినవి కొన్ని, నాలుగు కఱ్ఱలకు చిరిగిన చీర బిగించినవి కొన్ని. చూచువారికి నవ్వు వచ్చునేమో గాని కూర్చుండువారికి అవి రాజసౌధములే.

అందు పైడమ్మ మడికి పడమట నున్న తాటాకుపాక గవరయ్యది. ముప్పదియేండ్లు మిల్లులో యంత్రఘోష విని విసిగిన ఆ వృద్ధుడు ఐదేండ్ల క్రిందట దానిని స్వహస్తములతో కట్టుకొని, అందలి నిశ్శబ్దమును పరమాన్నమువలె అనుభవించుచుండెను.

పైడమ్మ హస్తవాసి తోటయంతట ప్రసిద్ధము. రోహిణికార్తె యెండలకు ఎల్లవారి నారును మాడిపోవ ఆమె పోసిన వంగనారు మాత్రము నవనవలాడుచుండును. ఏటేట అందఱును దానినే నాటుకొందురు. ఆ కీర్తి ఆమెకు కొంచెము తలకెక్కెననుట అబద్ధము గాదు. గడచిన మాఘమున తన కొత్తిమీర పాలిపోగా, ఆమె తోటపెద్దయైన జోగారావు పంతులుకడకేగి పాక నీడయే తన మడిని చెఱచుచున్నదని మొఱపెట్టెను. జ్యేష్ఠ పంచమినాటికి పాక తీసివేయవలెనని ఆయన తీర్పు చెప్పగా గవరయ్య సరేయని తల యూచెను.

పంచమికి రెండు దినములు ముందుగా, ఒక యపరాహ్ణమున నారుమడికి నీరు చల్లుచున్న పైడమ్మ హఠాత్తుగా చేయి నిలిపెను. ఆ యేడు మడిని కొంత వెడల్పు చేసియుండెను. పాక నీడ పడినంతమేర నారు పచ్చగా నుండెను. నీడ దాటిన మొలకలన్నియు గీత గీసినట్లు ఆవలివైపున సోలిపోయి యుండెను. ఐదేండ్లుగా తనదనుకొన్న హస్తవాసి యెవరిదో ఆమెకప్పుడు తెలిసెను. తెలిసినను, నలుగురిలో అన్న మాట వెనుకకు తీసికొనుటకు నోరు రాక రెండు దినములు తోట మొగము చూడకుండెను.

పంచమినాడు మనసు గట్టిపఱచుకొని పోయి చూడ, పాక లేదు. నాలుగు గుంజలు మాత్రము ఎండలో నిలిచియుండెను. నారు మాడియుండునని తలచి ఆమె మడికి పరుగెత్తెను. అచ్చట మోకాలెత్తు పుల్లలపై ఆ పాక తాటాకులే వరుసగా పఱచియుండ, వాని క్రింద నారు చల్లగా నిలిచియుండెను. గవరయ్య తలపై తువాలు వేసికొని యెండలో కూర్చుండి త్రాళ్ళు చుట్టుచుండెను.

"ఇదేటి మావా?" అని ఆమె అడిగెను.

"పాక తీసెయ్యమన్నారు గానమ్మా, నారుని ఎండలో ఒదిలెయ్యమని ఎవులూ అన్లేదు గదా."

"నీడ సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసు. పేరు నీదైతే ఏటి, నారు అందరిదీ."

పైడమ్మకు సిగ్గును దుఃఖమును ఒక్కసారి ముంచుకొని రాగా, ఆమె గట్టుమీదనే కూలబడి యేడ్చెను. ఆ సాయంకాలము పండ్రెండు కుటుంబముల యెదుట నిలిచి, "నా సేతిలో ఏటీ నేదు పంతులుగారూ. ఉన్నదంతా ఆ పాకలోనే ఉంది," అని చెప్పెను. పంతులు తన తీర్పును తానే త్రిప్పుకొనుటకు ఒకింత దగ్గి, పాకను యథాస్థానమున నిలుపుడనెను. మఱునాడు ఇంటికొక తాటాకుమోపు వచ్చెను. నారు పంచునాడు పైడమ్మ కట్టలు కట్టి, పంచుట మాత్రము గవరయ్యచేత చేయించెను.

చలికాలమున తిట్టిన నీడనే వేసవిలో వెదకుట లోకస్వభావము. వేసవి గడచినను దానిని మఱవనివారు అరుదు. మాఘము మరల వచ్చెను. పాక నీడ మరల పైడమ్మ మడిపై పడెను, కొత్తిమీర మరల పాలిపోయెను. ఆమె దానినే కోసి పచ్చడి నూఱి, మొదటి గిన్నె పడమటి పాకకు తానే తీసికొనిపోయెను.