రెడ్డెమ్మ కారెక్కింది

పుంగనూరు రెడ్డెమ్మకు బస్సు పేరెత్తితేనే కడుపులో తిప్పేది. కుప్పంలో ఉండే చెల్లెలు కృష్ణమ్మ ఇంటికి పోయి ఏళ్లయిపోయింది. 1978 వేసవిలో కృష్ణమ్మ మనవరాలికి పెళ్లి కుదిరింది. అక్క రాకపోతే తాను పందిట్లోకే రానని చెల్లెలు కబురు పంపింది.

రెడ్డెమ్మ కొడుకు గంగాధరం ఆ మధ్యనే ఫియట్ కారు కొన్నాడు. పదేళ్ల నాటిదైనా అద్దంలా మెరిసేది. అలవాటు చేద్దామని తల్లిని మదనపల్లె దారి పట్టించాడు. వెనక మెత్తటి సీట్లో కూర్చోబెట్టి, దుమ్ము పడకుండా అద్దాలన్నీ ఎత్తేశాడు. కారు రివ్వున పోయింది. ఊరు దాటీ దాటకముందే రెడ్డెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆపు నాయనా! నా వల్ల కాదు. మీరు పోయిరాండి పెండ్లికి," అని రోడ్డు పక్కన కూలబడి కళ్లు తుడుచుకుంది.

ఎదురింటి అబ్దుల్ సత్తార్ పట్టుగూళ్ల వ్యాపారి. తెల్లదొర ఒకడు దేశం విడిచిపోతూ అమ్మిన మోరిస్ కారు అతని తండ్రి కాలం నుంచీ ఆ ఇంట్లో ఉంది. గంగాధరం దాన్ని చూసి ఎప్పుడూ నవ్వేవాడు.

సంగతి విని సత్తార్ వచ్చాడు. "ఒక్క తూరి నా దాంట్లో కూర్చోని సూడమ్మా. బాగలేకుంటే దిగిపో."

తలుపు కింది మెట్టు మీద కాలు పెట్టి రెడ్డెమ్మ ముందు సీట్లోకెక్కింది. సత్తార్ ముందరి అద్దాన్ని కిటికీ తలుపులా అడుగునుంచి బయటికి నెట్టి తెరిచాడు. గాలి నేరుగా ముఖానికి తగిలింది. వీధి మలుపులో తలుపు పక్కనుంచి ఎర్రటి రెక్క ఒకటి బయటికొచ్చింది.

"ఇదేంది సత్తారూ, కారు చెయ్యి చాపతాండాది!"

"మనం తిరగతాండామని వెనకాలోళ్లకు చెప్తాండాదమ్మా."

రెడ్డెమ్మ పకపకా నవ్వింది. మళ్లీ తిప్పమంది. ఊరంతా తిరిగినా కడుపులో తిప్పలేదు.

పెళ్లికి మోరిస్ ముందు, ఫియట్ వెనక బయల్దేరాయి. పలమనేరు దాటాక గంగాధరం ఓపిక పట్టలేక ముందుకుపోయి, చెట్టునీడన ఆగాడు. చాలాసేపటికి మోరిస్ వచ్చింది. రెడ్డెమ్మ చెయ్యి బయటికి చాపి, "యాల ఆగినావప్పా, చెడిపోయిందా?" అని అరుస్తూ ఆగకుండానే వెళ్లిపోయింది. గంగాధరం భార్య శాంతకుమారి నవ్వు ఆపుకోలేకపోయింది.

కుప్పంలో కృష్ణమ్మ పసుపు చేతులతోనే పరిగెత్తుకొచ్చి అక్కను వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు. రాత్రంతా పందిట్లో పక్కపక్కనే కూర్చున్నారు.

తిరుగు ప్రయాణానికి బయల్దేరేటప్పుడు గంగాధరం చిన్నబుచ్చుకున్నాడు. "నా కారు అంత చెడ్డదామ్మా?"

"చెడ్డదెందుకప్పా? సీటు మెత్తన, సప్పుడు తక్కువ. ఊపిరాడనీకుండా మూసింది నువ్వు. అద్దాలు దించు, నేను ముందర కూర్చుంటా."

జుట్టంతా చెదిరిపోయినా హాయిగా పుంగనూరు చేరింది. సత్తార్ కారు ఇంకా వెనకెక్కడో ఉంది. అతను వచ్చేదాకా గడప దాటకుండా వీధిలోనే నిలబడి, "వచ్చే వారం హార్స్లీ కొండకు పోదాం. ఎవరు తీసకపోతారో మీరిద్దరూ తేల్చుకోండి," అంది.