పెంచో తాతకు చదివి వినిపించిన పేజీ

రలిత్సా మా కొట్లో చేరేనాటికి నేను జనానికి చెవి మిషన్లు అమర్చడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. రూసె ఊళ్లో, మందుల షాపుకీ బనిత్సాలు అమ్మే బేకరీకీ మధ్యన మా కొట్టు. యజమాని బోజిదార్ గారికి ఇలాంటివి మూడు ఊళ్లలో మూడున్నాయి. ఆయన చెడ్డవాడు కాదు. కానీ రాజధాని సోఫియా నుంచి ఎవరైనా సూటు వేసుకుని వచ్చి బొమ్మలు గీసి చూపిస్తే చాలు, నమ్మేస్తాడు.

రలిత్సా అంతకుముందు ఊరి వార్తాపత్రికలో పనిచేసేది. పత్రిక మూతపడింది. ముప్పై రెండేళ్ల మనిషి, పొట్టి జుట్టు. ఎవరైనా మాట్లాడుతుంటే పెన్ను మూత కొరుకుతూ వాళ్ల నోటివంకే చూసేది. మా వెబ్‌సైట్‌లో బ్లాగు రాయడానికి ఆమెను పెట్టుకున్నారు. నెలకు నాలుగు వ్యాసాలు. ఏం రాయాలన్నది మాత్రం ఆమె చేతిలో లేదు. ప్లామెన్ అని సోఫియాలో ఒకతను ఉండేవాడు. జనం సెర్చ్‌లో ఏ మాటలు కొడతారో లెక్కగట్టి పట్టిక పంపేవాడు. ‘రూసెలో చవక వినికిడి యంత్రాలు’ అన్న ముక్క ఒక్కో వ్యాసంలో పద్నాలుగు సార్లు రావాలి. మొదటి వాక్యంలో రావాలి, ప్రతి ఉపశీర్షికలోనూ రావాలి. వ్యాసం రెండు వేల మాటలకు తగ్గకూడదు. అప్పుడే సెర్చ్‌లో మా కొట్టు పైన కనబడుతుందని అతని లెక్క.

రెండు నెలలు అలాగే రాసింది. మధ్యాహ్నం పూట నా గదిలోకి వచ్చి తియ్యటి బోజా గ్లాసు పట్టుకుని కూలబడేది.

“అక్కా, ఒకే రొట్టెముక్కని పొద్దుట్నుంచీ నములుతున్నట్టుంది. మింగుడుపడదు, ఉమ్మెయ్యనివ్వరు.”

“జీతం వస్తోందిగా, ఊరుకో అమ్మాయ్” అనేదాన్ని. నాకు అంతకంటే తెలియదు అప్పట్లో.

మార్చిలో మిల్కా వచ్చింది. వాళ్ల నాన్న పెంచో తాత ఓడరేవులో ముప్పై ఏళ్లు క్రేన్ నడిపాడు, చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు. ఆయనకు మిషన్ అమర్చింది నేనే. మిల్కా కౌంటర్ మీద సంచీ దభాలున పడేసింది. ఆ సమయానికి రలిత్సా అద్దాల అలమరా ముందు నిలబడి వెబ్‌సైట్ కోసం ఫొటోలు తీస్తోంది.

“మీ పేజీ మొత్తం చదివానండీ” అంది మిల్కా. “అరగంట పట్టింది. చవక అన్నారు, రూసె అన్నారు, మళ్లీ చవక అన్నారు. మా నాన్న ఆ మిషన్ తీసి డ్రాయర్లో పడేశాడు. ఎందుకు పడేశాడో, నేనేం చెయ్యాలో ఒక్క ముక్క లేదు అందులో. ఎవరు రాశారది?”

రలిత్సా నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కెమెరా కిందికి దించింది.

“నేనే.”

మిల్కా ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. “నువ్వా? నేనింకా ఏదో మిషన్ రాసిందనుకున్నా. మనిషివే కదా నువ్వు!”

రలిత్సా ముఖం ఎర్రబడింది. తిడితే పడేదేమో గానీ, అది తిట్టు కాదు. మిల్కా నిజంగానే ఆశ్చర్యపోయింది. రలిత్సా కెమెరా పక్కన పెట్టి, “మీ నాన్నగారిని నేను చూడొచ్చా?” అని అడిగింది. ఆ సాయంత్రమే మిల్కా వెంట వెళ్లింది.

మర్నాడు వచ్చి నాకు చెప్పింది. పెంచో తాత ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి బీన్స్ పులుసు పెట్టాడట. మిషన్ ఎందుకు తీసేశారని ఆమె కాగితం మీద రాసి చూపిస్తే, ఆయన చెంచాతో గిన్నె అంచు మీద కొట్టాడట.

“ఇదీ! ఇది నా నెత్తిమీద సుత్తితో కొట్టినట్టుంటుంది. ఫ్రిజ్ ఏడుస్తుంది. పేపరు తిరగేస్తే గోడ కూలినట్టుంటుంది. నా చెప్పులు నా వెనకాల ఎవరో వస్తున్నట్టు చప్పుడు చేస్తాయి. కూతురి మాట వినబడుతుందని పెట్టుకున్నానే పిల్లా, అది తప్ప అన్నీ వినబడుతున్నాయ్!”

“ఇది నీకు తెలుసా అక్కా?” అంది రలిత్సా.

తెలుసు. ప్రతి రెండో మనిషీ నాకు చెప్పేదే. ఏళ్ల తరబడి వినని చప్పుళ్లన్నీ ఒక్కసారి వచ్చి మీద పడతాయి. తలకు అలవాటు కావడానికి వారాలు పడుతుంది. మొదట ఇంట్లో, నిశ్శబ్దంలో, ఒక్క మనిషితో, రోజుకో గంట పెట్టుకోవాలి. మావాళ్లేమో కొన్నరోజే పెళ్లి విందుకు పెట్టుకుని వెళతారు, బాజాలు మొదలవగానే పీకి జేబులో వేసుకుంటారు. మళ్లీ ముట్టుకోరు.

“మరి ఇదెందుకు ఎక్కడా రాయలేదు మనం?”

“నన్నెవరు అడిగారు?” అన్నాను.

అప్పట్నుంచి తొమ్మిది రోజులు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్లు ఏమడుగుతున్నారో వాళ్ల మాటల్లోనే రాసుకుంది. ‘వినికిడి యంత్రం’ అని ఒక్కరూ అనలేదు. చెవి మిషను అన్నారు, ‘ఆ బఠాణీ గింజ’ అన్నారు, ఒకావిడ ‘మా ఆయన చెవిలో పురుగు’ అంది. పదోరోజు వ్యాసం రాసి నా చేతిలో పెట్టింది. పైన పేరు: ‘నాన్న చెవి మిషను డ్రాయర్లో ఎందుకు పెట్టాడు?’ ఒకటిన్నర పేజీ. అందులో చెంచా ఉంది, ఫ్రిజ్ ఉంది, మొదటి వారం ఏం చెయ్యాలి, రెండో వారం ఏం చెయ్యాలి అన్నీ ఉన్నాయి. మాట్లాడేవాళ్లు ముందు భుజం తట్టి, ఎదురుగా నిలబడి మాట్లాడాలని ఉంది. ఆఖర్న ఇలా రాసింది: ‘మిషను కొనే ముందు డాక్టరుకు చెవి చూపించండి. కొందరికి అడ్డంగా ఉన్నది గుబిలి మాత్రమే. అది తీయిస్తే మా అవసరం ఉండదు.’

“ఈ చివరి ముక్క చూస్తే బోజిదార్ గారు ఎగిరిపడతారు” అన్నాను.

“పడనీ.”

ఆయన నిజంగానే ఎగిరిపడ్డారు. ప్లామెన్‌ను సోఫియా నుంచి పిలిపించారు. గురువారం పొద్దున నా గదిలోనే సమావేశం పెట్టారు, కొట్లో కుర్చీలు ఉన్నది అక్కడే గనక. ప్లామెన్ నలభై లోపు మనిషి, మర్యాదస్తుడు. లాప్‌టాప్ తెరిచి ఎర్రగీతలూ పచ్చగీతలూ చూపించాడు.

“రలిత్సా గారూ, మీరు బాగానే రాస్తారు, కాదనను. కానీ మన మాట ఇందులో సున్నా సార్లుంది. ఈ శీర్షిక ఎవడూ సెర్చ్ చెయ్యడు. ఎవడికీ కనబడని పేజీ ఎంత బాగుంటే ఏం లాభం చెప్పండి?”

“కనబడ్డ పేజీ చదివి మిల్కా గారు ఏమన్నారో చెప్పనా?” అంది రలిత్సా.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని పెంచో తాత వచ్చాడు. కూతురు బతిమాలి మిషన్ని సరిచేయించుకోమని పంపింది, ఆ రోజు పదింటికి నేనే రమ్మన్నాను. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, మిషన్‌కు తీగ తగిలించి, నా కంప్యూటర్ తెరిచాను. సర్దేటప్పుడు ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని ఏదైనా చదవాలి. అలవాటు లేని గొంతయితే మంచిది.

“ప్లామెన్ గారు చదువుతారు” అంది రలిత్సా, నేను నోరు తెరవకముందే. లాప్‌టాప్‌ను ఆయనవైపు తిప్పింది. “మన మొదటి వ్యాసమే చదవండి. మీరు మెచ్చుకున్నదే.”

ప్లామెన్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“మీరు రూసెలో చవక వినికిడి యంత్రాలు వెతుకుతున్నారా? రూసెలో చవక వినికిడి యంత్రాలు దొరకడం కష్టమని చాలామంది అనుకుంటారు. కానీ రూసెలో చవక వినికిడి యంత్రాలు కొనేముందు రూసెలో చవక వినికిడి యంత్రాల గురించి...”

పెంచో తాత చెయ్యెత్తాడు.

“జ్లాట్కా! ఇది పాడైంది.”

“ఏమైంది తాతా?” అన్నాను.

“ఒకే ముక్క దగ్గర ఇరుక్కుపోయింది. ఈ అబ్బాయి నోరు కదులుతూనే ఉంది, నాకు మాత్రం చవక చవక అనే వినబడుతోంది. పాత రికార్డు గీత పడితే ఇలాగే అయ్యేది.”

నాకు నవ్వాగలేదు. బోజిదార్ గారు కిటికీలోంచి బేకరీ గోడను శ్రద్ధగా చూడసాగారు.

“మిషన్ బాగానే ఉంది తాతా” అని ఆయన ఎదురుగా వచ్చి చెప్పింది రలిత్సా. “ఆయన చదివింది అదే.”

“అదేనా?” తాత ప్లామెన్ వైపు తిరిగాడు. “ఏం బాబూ, ఒంట్లో బాగానే ఉందా నీకు? ఎవరితో మాట్లాడుతున్నావ్?”

ప్లామెన్ చెవులు కందిపోయాయి. “ఇది వినడానికి రాసింది కాదండీ...”

“మరి?”

ప్లామెన్ లాప్‌టాప్‌ను తనవైపు లాక్కున్నాడు. రలిత్సా తన కాగితం తీసి చదివింది. నెమ్మదిగా, ఏ నటనా లేకుండా చదివింది. చెంచా దగ్గరికి వచ్చేసరికి తాత ముందుకు వంగాడు. నేను మీటలు సర్దడం ఆపేశాను. అంతా అయ్యాక తాత టోపీ చేతుల్లోకి తీసుకున్నాడు.

“అయితే ఇది నాకొక్కడికే కాదన్నమాట” అన్నాడు. “నా బుర్ర చెడిపోతోందనుకున్నా. భయపడి మిల్కాకి కూడా చెప్పలేదు. ఆ కాగితం నాకియ్యి పిల్లా.”

ఇచ్చింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో పెట్టుకుని, మిషన్ చెవిలోనే ఉంచుకుని వెళ్లిపోయాడు.

అంతటితో గెలిచాం అనుకున్నాను నేను. తాత వెళ్లగానే ప్లామెన్ మళ్లీ గీతలు చూపించాడు. పక్క ఊరి పోటీ కొట్టు సెర్చ్‌లో మనకంటే పైన ఉందన్నాడు. బోజిదార్ గారు నుదురు రుద్దుకున్నారు.

“అమ్మా రలిత్సా, ముసలాయనకు నచ్చింది, సంతోషం. నీ చెంచా ఉంచు. మధ్యమధ్యలో మన మాట ఓ పద్నాలుగు చోట్ల దూర్చు. ఆ గుబిలి ముక్క తీసెయ్యి. కొనొద్దని మనమే చెప్పుకుంటామా?”

“తియ్యను. దూర్చను.”

“ఒక్క పూట పని!”

“బోజిదార్ గారూ, రెండు నెలలు మీరు చెప్పినట్టే రాశాను. ఒక మనిషి ఎదుట నిలబడి ‘నువ్వు మనిషివే కదా’ అని అడిగింది నన్ను. మళ్లీ అడిగించుకోను.”

ఆ మధ్యాహ్నమే వ్యాసాన్ని ఒక్క అక్షరం మార్చకుండా వెబ్‌సైట్‌లో పెట్టింది. తెల్లారేసరికి ప్లామెన్ దాన్ని తీసేశాడు. రలిత్సా తన కప్పూ, కెమెరా సంచిలో వేసుకుని నన్ను కావలించుకుని వెళ్లిపోయింది. పక్క వీధిలోని భాషల బడిలో పెద్దవాళ్లకు పాఠాలు చెప్పడానికి కుదిరింది.

నేను ఇంట్లో ఒకదాన్నే ఉంటాను, మిగతావారితో గొడవ పెట్టుకునే రకాన్ని కాను. కానీ ఈసారి ఊరుకోలేకపోయాను. పంతొమ్మిదేళ్లు నాకు తెలిసిందంతా ఆ అమ్మాయి తొమ్మిది రోజుల్లో అడిగి తెలుసుకుని ఒకటిన్నర పేజీలో పెడితే, దాన్ని చెత్తలా ఊడ్చేశారు. ఆమె దగ్గర్నుంచి వ్యాసం తెప్పించుకున్నాను. పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి, మిషన్ కొన్న ప్రతివాళ్ల పెట్టెలోనూ ఒకటి పెట్టాను. మిల్కా దాన్ని ఫొటో తీసి ఫోన్‌లో తన వైబర్ గ్రూపులో పెట్టిందట. అక్కణ్ణించి ఎక్కడెక్కడికో వెళ్లింది. వార్నా నుంచి ఒకావిడ ఫోన్ చేసి, “చెంచా గురించి రాసిన కొట్టు మీదేనా?” అని అడిగింది.

మే నెలలో బోజిదార్ గారికి దొరికిపోయాను. పెట్టె తెరిచి కాగితం బయటికి లాగారు.

“ఏంటిది జ్లాట్కా?”

“చదువు వచ్చుగా మీకు.”

“నేను వద్దన్నది నా కొట్లోనే పంచుతున్నావా?”

“పంచుతున్నా. రేపూ పంచుతా. నన్ను కూడా పంపించెయ్యండి. తర్వాత ఆ ప్లామెన్‌ను పిలిచి ఈ కుర్చీలో కూర్చోబెట్టండి, జనం చెవుల్లో చవక చవక అని ఊదుతాడు.”

నా నోటినుంచి ఆ మాటలెలా వచ్చాయో నాకే తెలియదు. ఆయన తెల్లబోయారు. నేను వెనక్కి తగ్గకుండా అమ్మకాల పుస్తకం తెరిచి చూపించాను. మామూలుగా నెలలోపల మిషన్ తిరిగి తెచ్చిచ్చేవాళ్లు పదిమందిలో ముగ్గురుండేవారు. కాగితం పెట్టడం మొదలెట్టాక మొత్తం మీద ఒక్కరే తెచ్చారు, అదీ రంగు నచ్చక. ఆయన ఆ పుటలో లెక్కను వేలుపెట్టి మళ్లీ కూడుకున్నారు. మిగతా రెండు కొట్లకూ ఫోన్ చేసి కనుక్కున్నారు. అక్కడ ఎప్పటిలాగే తిరిగి వస్తున్నాయి.

రెండు రోజుల తర్వాత ఆయనే భాషల బడికి వెళ్లారు. నన్ను కూడా తీసుకెళ్లారు, ఒంటరిగా వెళ్లడానికి మొహం చెల్లక. రలిత్సా మెట్లమీద నిలబడే మాట్లాడింది.

“ప్లామెన్ పట్టిక రాకూడదు. వారానికి రెండు రోజులు కౌంటర్ దగ్గర కూర్చుంటాను. నేను రాసింది ముందు జ్లాట్కా అక్క చదవాలి, తర్వాత చెవి వినబడని మనిషి ఒకరు చదవాలి. పాతవి ఎనిమిదీ తీసెయ్యాలి.”

“అవి తీసేస్తే సెర్చ్‌లో అడుక్కి పోతాం!”

“పోదాం.”

“సగం ఉంచుదాం.”

“సగం అబద్ధమాడటం ఎలాగో నాకు రాదండీ.”

ఆయన నావైపు చూశారు, సాయం చెయ్యమన్నట్టు. నేను రోడ్డుమీద పోతున్న ట్రాలీబస్సును చూశాను. చివరికి సరేనని, మా దేశంలో ఊపే పద్ధతిలోనే, తల అటూ ఇటూ ఊపారు.

సెర్చ్‌లో నిజంగానే అడుక్కి పోయాం. మూడో పేజీకి. ప్లామెన్ పంపిన ఉత్తరం నిండా ఎర్రగీతలే. కొత్తవాళ్ల రాక తగ్గింది, ఆ మాట దాచను. వచ్చినవాళ్లు మాత్రం ఫోన్‌లో ఆ పేజీ తెరిచి పట్టుకుని వస్తున్నారు. జూన్‌లో ఒకతను వచ్చి, గుబిలి తీయించుకున్నానని, ఇప్పుడు శుభ్రంగా వినబడుతోందని చెప్పి, ఏమీ కొనకుండా నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లిపోయాడు. బోజిదార్ గారు తలుపు దగ్గరే నిలబడి అతను వెళ్లినవైపు చూస్తూ నిట్టూర్చారు. కానీ ఆ ముక్క తీసెయ్యమని ఈసారి అనలేదు.

రలిత్సా అప్పుడు నా పక్క స్టూలు మీద కూర్చుని తర్వాతి వ్యాసం రాస్తోంది. చెవి వినబడని తల్లితో ఫోన్‌లో ఎలా మాట్లాడాలన్నది విషయం. బోజిదార్ గారు ఆమె భుజం మీదుగా వంగి చూశారు.

“ఇది మాత్రం ఎవరూ సెర్చ్ చెయ్యరమ్మా” అన్నారు, గొంతు తగ్గించి.

“చెయ్యరు” అంది ఆమె, తల ఎత్తకుండానే. “పొద్దుట్నుంచి ముగ్గురు అడిగారు.”