వెలిగే పెన్ను, కూసే పెన్ను

నానక్‌రామ్‌గూడ నుంచి మాదాపూర్ దాకా సైకిలు తొక్కేసరికే నా తల ప్రాణం తోకకొస్తుంది. అక్కడి నుంచి ఏడంతస్తులు ఎక్కాలి. లిఫ్టు కోసం గుంత తవ్వారు గాని లిఫ్టు ఇంకా రాలేదు. కంప్యూటర్ల వాళ్ల కోసం కడుతున్న బిల్డింగ్ అది. ఆ రోజు డాబా మీదికి చేరి బీడీ అన్నా ముట్టించకముందే, సేఫ్టీ చూసే జాషువా సారు రెండు పెన్నులు పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఓదెలు గారూ, అందరిలోకీ పాత ఎలక్ట్రీషియన్ మీరే కదా. వీటిలో ఒకటి మీరే ఎంచాలండి. మన ఇరవై రెండు మందికీ అదే తెప్పిస్తాం."

తీగను ముట్టకుండానే అందులో కరెంటు ఉందో లేదో చెప్పే టెస్టర్లట అవి. తీగ మీది తొడుగు దగ్గర పెడితే చాలు, ఒకటి ఎర్రగా వెలుగుతుంది, ఇంకొకటి సన్నగా కూస్తుంది. పోయిన నెల ఒకడికి షాకు కొట్టి చెయ్యి కాలాక గాని ఆఫీసుకు ఈ బుద్ధి పుట్టలేదు.

కూస్తుంది అనగానే నాకు గుండె జారింది. జీడిమెట్ల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు కంప్రెసర్ల పక్కన పనిచేసి ఎడమ చెవి పోగొట్టుకున్నాను. కుడిది మాటలు పట్టుకుంటుంది గాని సన్నటి చప్పుళ్లు పట్టుకోదు. ఈ సంగతి నా భార్య యాదమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏమవుతుందో మాతో పనిచేసిన రామచంద్రం విషయంలో చూశాను. చూపు తగ్గిందని అతన్ని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. వారం తిరగకముందే కుర్చీ ఉంది, రామచంద్రం లేడు. యాభై నాలుగేళ్ల చెవిటివాడికి ఇంకెవడు పనిస్తాడు? వెలిగేదే ఎంచాలని అక్కడికక్కడే అనుకున్నాను.

జాషువా సారు ముందు దాన్నే నీళ్ల మోటారు తీగ దగ్గర పెట్టాడు. ఏప్రిల్ ఎండ. నాకేమీ కనపడలేదు. నాతో జంటగా పనిచేసే మధు అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్లు చికిలించి చూశాడు.

"ఎలుగుతున్నదో లేదో తెలుస్తనే లేదన్నా. గీ ఎండల గిదేం పనికొస్తది?"

"నీడపట్టున మంచిగనే కనపడతది తియ్యి," అన్నాను.

"మనకు నీడ యాడిది? సగం పని డాబా మీదనే. ఆఫీసోళ్లకు చెప్తే చెవిటోని ముందు శంఖం ఊదినట్టే!" అని నవ్వాడు.

వాడికేం తెలుసు పాపం. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

సారు రెండో పెన్ను తీగ దగ్గర పెట్టి నా వైపు చూశాడు. మధు కూడా చూశాడు. ఆలస్యం చేస్తే దొరికిపోతాను.

"ఆ... మోగుతున్నది సార్. కాకపోతే జర లొల్లి ఎక్కువ. చెవిల జోరీగ లెక్క."

మధు సారు చేతిలోని పెన్ను వైపు చూశాడు.

"నేనింకా బటన్ నొక్కలేదండి," అన్నాడు సారు. మెల్లగా అన్నాడేమో, పెదవులు చూస్తే తెలిసింది.

ఛీ, నా బతుకు! ఇక్కడ చేరినప్పటి నుంచి మూడేళ్లు దాచిన దాన్ని నా నోటితోనే బయట పెట్టుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

జాషువా సారు మంచివాడు. నేను ఏ చెవి తిప్పుతానో గమనించాడేమో, నా కుడిపక్కకు జరిగి, "వెలిగేదే రాసేద్దామండి. ఇక్కడి మాట ఇక్కడే ఉంటుంది," అని సంచిలోంచి ఆఫీసుకు పంపే కాగితం తీశాడు.

పోయిన ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది, ఆయన మీద కాదు, నా మీద నాకే. ఎండలో ఆ వెలుగు కనపడక, కరెంటు లేదనుకుని ఈ మధుగాడే తీగ పట్టుకుంటే? వాడికి ఇద్దరు పిల్లలు.

"ఏంది సార్ గిట్లంటరు? నా ఒక్కని కోసం ఇరవై ఒక్క మందిని గుడ్డోళ్లను చేస్తరా? బటన్ నొక్కుండ్రి."

నొక్కాడు. నాకు ఏమీ వినపడలేదు. మధు తల ఊపాడు.

"మోగుతున్నదన్నా," అన్నాడు నేల చూస్తూ.

కాగితం లాక్కుని కూసేదాని పక్కన టిక్కు పెట్టాను. చప్పుడు ఎలా ఉందో రాసే గడి ఏదో చూపించమన్నాను. సారు చూపించలేక చూపించాడు. మధు నా చెయ్యి పట్టుకుని, "ఒద్దన్నా, ఆ గడి ఇడిసిపెట్టు," అన్నాడు. విడిపించుకుని రాశాను.

'మధుకు బాగా వినపడింది. ఓదెలుకు వినపడలేదు.'