సరస్ ఆంటీ తిరిగివ్వని పుస్తకం

నేను పుస్తకాలు చదవను, నమిలి మింగుతానని మా ఆయన రాధాకృష్ణ ఎగతాళి. నమలడం కూడా అబద్ధమే, ఉత్తి మింగడమే. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా సగం నవల అయిపోతుంది. డిటెక్టివ్ నవలైతే శవం ఎక్కడుందో చూస్తాను, చంపినవాడెవడో చూస్తాను, మధ్యలో తల్లుల గోలా వానల వర్ణనా దాటేస్తాను. దక్షిణాఫ్రికాలో ఎన్నికలయి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటేడు, డాక్టర్లు కావాలంటే డర్బన్ పక్కనున్న ఈ ఇసిపింగోకి వచ్చాం. ఆయన ఆస్పత్రికి పోతే ఇంట్లో నేనూ, నెత్తిమీద విమానాల మోతా. చదవక ఇంకేం చేస్తాను?

మా వీధి చివరి లైబ్రరీలో ఒక్క అల్మారా తెలుగు పుస్తకాలుండేవి. ఇక్కడి తెలుగువాళ్ల సంఘం ఒకటి ఎప్పుడో ఓడలో తెప్పించి, చదివేవాళ్లు లేక లైబ్రరీకి ఇచ్చేసిందట. ఆ అల్మారాయే నా ప్రాణం. అది లేకపోతే నాకు పిచ్చెక్కేది, ఇందులో దాపరికం ఏమీ లేదు. అలాంటిది ఒకరోజు లైబ్రేరియన్ మర్టిల్ నీరసంగా కబురు చెప్పింది. పాత మునిసిపాలిటీలన్నీ కలిపేస్తున్నారు, వాటితోపాటు లైబ్రరీలూ. జూన్ ఆఖరులోగా జనం తీసుకెళ్లని పుస్తకాలన్నీ ఎత్తేస్తారట.

"నేను తీసుకెళ్తున్నానుగా!" అన్నాను.

"అన్నీ నీ కార్డు మీదే ఉన్నాయి వసంతా. ఒక్క మనిషి కోసం అల్మారా ఎందుకంటారు."

పక్కింటి సరస్ ఆంటీ కాళ్లావేళ్లా పడ్డాను. వాళ్ల తాత విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల్లో కూలికి వచ్చినవాడు. ఆమెకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. మాటలు మాత్రం గుప్పెడు మిగిలాయి. ఎరిగిన తెలుగువాళ్లందరికీ ఆవిడ ఫోన్లు చేసింది. అందరూ కార్డులతో వచ్చి తలా ఒక పుస్తకం పట్టుకుపోయారు. గండం గడిచిందనుకున్నాను.

తీసుకెళ్లి వాళ్లేం చేశారంటే, దేవుడి దీపం దగ్గర పెట్టి పసుపూ కుంకుమా పూశారు. తెలుగు అక్షరం వాళ్లకు పూజలో తప్ప ఎక్కడా కనిపించదు, కాబట్టి అది దేవుడిదే. వంకాయ తెగుళ్ల మీద రాసిన పుస్తకానికి కూడా హారతి ఇచ్చారు. మరి దేవుడు కొత్తగా ఇంట్లోకి వస్తే, ఆయన ఉన్నన్నాళ్లూ మాంసం వండకూడదు. శనివారమొస్తే పెరట్లో బొగ్గులు రాజేసి, బ్రాయ్ అంటూ మాంసం కాల్చుకు తినందే ప్రాణం నిలవని జనమాయె! సరస్ ఆంటీ కొడుకు సగ్రెన్ అందరికంటే ముందు గొణిగాడు. అందుకని సోమవారం తీసుకెళ్లిన పుస్తకాన్ని శుక్రవారానికల్లా తెచ్చి పడేసేవాళ్లు. ఆంటీ మాట కాదనలేక సోమవారం మళ్లీ ఇంకోటి. ముద్రలు వేసి వేసి మర్టిల్ చెయ్యి పడిపోయింది. ఇసిపింగో తెలుగువాళ్లంత వేగంగా చదివేవాళ్లు ఎక్కడా లేరని పట్నం ఆఫీసులో అనుకున్నారట. నవ్వే ఓపిక కూడా లేదు నాకు. అట్టల మీది కుంకుమ తుడిచే పని నాదే మరి.

"లెక్క బాగానే ఉంది," అంది మర్టిల్ జూన్ చివరి శుక్రవారం. "ఒక్క పుస్తకమే తిరిగి రాలేదు. పుస్తకాలు పోతున్నాయంటే అదే సాకు చేసుకుంటారు. ఐదింటికి మూసేస్తాను, ఈలోగా తెచ్చెయ్."

ఆ రానిది సరస్ ఆంటీ దగ్గరే ఉంది. కాళ్లీడ్చుకుంటూ వెళ్లి అడిగాను.

"ఇయ్యను పిల్లా," అంది. "అందరూ తెచ్చినారు, దీపం పెట్టినారు, పంపించేసినారు. దేవుడు ఏం సెప్పినాడు, ఎవరూ యినలేదు. తప్పు గదా? నువ్వు సదువు."

"ఇది దేవుడిది కాదాంటీ. హత్యల కథ."

"నీకెట్ల తెలుసు? నువ్వు మరీ బేగి బేగి సదువుతావు."

ఒళ్లు మండింది. మండినా కూర్చుని చదివాను, నా పద్ధతిలోనే. శవం, కత్తి, పోలీసు జీపు. "స్లో, పిల్లా, స్లో," అని ఆంటీ నా మోకాలి మీద కొట్టింది. ఇక విసుక్కుంటూ ఒక్కో మాటా పలకడం మొదలుపెట్టాను. కానిస్టేబుల్ పొద్దుపోయి ఇంటికొస్తాడు, తల్లి తిడుతుంది. చదివిన ప్రతిసారీ నేను దాటేసిన చోటు అది.

"ఓరి నీ దుంప తెగ! కూడు సల్లారిపోతంది, యెక్కడ తిరిగొత్తన్నావురా?"

ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"మా అమ్మ," అంది. "ఇది మా అమ్మ! ఎవ్రీ డే ఇట్లే తిట్టేది మా అన్నని. మళ్లీ సదువు."

మళ్లీ చదివాను. ఆమె నవ్వుతోంది, కళ్ల నీళ్లు కారిపోతున్నాయి. మళ్లీ అంది, మళ్లీ చదివాను. నాకూ ఏడుపొచ్చింది. ఇంతదూరం వచ్చాక నన్నలా తిట్టిన మనిషి లేదు. గడియారం గుర్తొచ్చి చూస్తే ఐదు ఎప్పుడో దాటిపోయింది.

సోమవారం వెళ్లేసరికి అల్మారా ఖాళీగా ఉంది. వాళ్లకు సాకు కూడా అక్కర్లేదట. ఎత్తేయాలని లెక్కలు అడగకముందే నిర్ణయమైపోయింది. అట్టపెట్టెల్లో ఎక్కడికి పంపారో మర్టిల్‌కి కూడా చెప్పలేదు. ఆమెకే బదిలీ. మేమిద్దరం కాసేపు ఆ ఖాళీ అరల ముందు కూర్చున్నాం. తిట్టుకోవడానికి కూడా ఒంట్లో సత్తువ లేదు.

మిగిలింది ఆంటీ ఇంట్లో ఉన్న ఆ ఒక్కటే. ఒక మధ్యాహ్నంలో మింగేసే పుస్తకం. ప్రతి శుక్రవారం వెళ్లి మెల్లగా, కాస్త కాస్త చదువుతున్నాను. ఏడాది కావస్తోంది. ఆ ఇంట్లో అప్పట్నుంచి మాంసం వండలేదు.

మొన్న సగ్రెన్ గేటు దగ్గర నన్ను ఆపాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"ప్లీజ్ ఆంటీ, ఇంకా ఎన్ని పేజీలు?"

"బోలెడున్నాయి," అన్నాను.

హంతకుడు కిందటి నెలలోనే దొరికిపోయాడు. లోపలికి వెళ్లి, దీపం పక్కన కూర్చుని, మొదటి పేజీ తీశాను.